అమ్మ ఇల్లు అన్నయ్య పేరున రాయించాలా?

ప్రశ్న: మా అమ్మకు 77 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు ఆమె పేరునే ఉంది. కింది వాటా అద్దె 9 వేలు, నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ 21 వేలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు 22 లక్షలు. డిమెన్షియా మొదలైందని డాక్టరుగారు చెప్పారు. పొద్దున పూట బాగానే ఉంటుంది, సాయంత్రమైతే నన్నే "నువ్వెవరమ్మా?" అంటుంది. నేను ఉద్యోగం చేసుకుంటూ ఇక చూసుకోలేకపోతున్నాను. విజయవాడలో నర్సులుండే ఒక హోమ్‌లో నెలకు 38 వేలు అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య "ఇల్లు నాకు గిఫ్ట్ డీడ్ చేయించు, ఖర్చంతా నేను పెట్టుకుంటా" అంటున్నాడు. ఒప్పుకోమంటారా మేడమ్?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. మీ అన్నయ్య మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. గిఫ్ట్ డీడ్ రిజిస్టరయ్యాక ఆ ఇల్లు అమ్మది కాదు, మామూలుగా వెనక్కి తీసుకోవడమూ కుదరదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే ట్రిబ్యునల్ ఆ డీడ్‌ను రద్దు చేయవచ్చు. కానీ ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా లేకపోతే వాదనలు మొదలవుతాయి. మనుషుల్నే గుర్తుపట్టని తల్లిని ఆ ట్రిబ్యునల్ నడిచే ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిప్పగలమా? ఇల్లు కొడుక్కి ఇవ్వాలని అమ్మకే ఉంటే వీలునామా రాయవచ్చు. అది ఆమె తదనంతరమే అమల్లోకి వస్తుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆమె తెలివితోనే ఉందని ఆ రోజే డాక్టరు సర్టిఫికెట్ కూడా తీసుకోండి.

అసలు అమ్మ ఖర్చుకు అమ్మ డబ్బే సరిపోతుంది. 22 లక్షల్లో 4 లక్షలు అవసరానికి అట్టే పెట్టండి. డిపాజిట్ల గడువు తీరే కొద్దీ మిగతా 18 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ పథకంలో వేయండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 36,900, అంటే నెలకు 12,300. పెన్షన్, అద్దె కలిపితే 42,300. ఫీజు పోను మిగిలే 4,300 మందులకూ డైపర్లకూ బొటాబొటిగా వస్తుంది. హోమ్ వాళ్లు ఏటా ఎంత పెంచుతారో, ఆయాకు విడిగా ఇవ్వాలో ముందే కాగితం మీద రాయించుకోండి. ఫీజు పెరిగినప్పుడు అన్నయ్యను నెలనెలా కొంత పంపమనండి, ఇల్లు అడగకుండా.

ఇంతకంటే ముఖ్యమైనది సంతకం. 30 ఏళ్లు బ్యాంకులో పనిచేసిన నేను మా నాన్న విషయంలో ఆలస్యం చేశాను. పటమటలో మా ఇంట్లో ఆయన పక్షవాతంతో పడిపోయారు. మాట పోయింది, మనుషుల్ని పోల్చుకోవడం పోయింది. డిపాజిట్ విడిపించబోతే సంతకం కలవలేదన్నారు. ఆయన తరఫున లావాదేవీలు చేయమని ఆయన నాకు రాసిచ్చిన అధికార పత్రం, జీపీఏ చూపించాను. ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే జీపీఏ చెల్లదు. కౌంటర్ అవతల కూర్చుని ఎందరికో నేను చెప్పిన మాటే అది. నాలుగు నెలలు నా గాజులు తాకట్టు పెట్టి ఆయాకు జీతమిచ్చాను. ఆయన డబ్బు ఉండి కూడా ఆయనకు అందలేదని నాకిప్పటికీ బాధే.

అందుకే అమ్మ పెన్షన్ ఖాతా కాకుండా ఇంకో సేవింగ్స్ ఖాతా అమ్మ, మీరు ఇద్దరి పేర్లతో, ఎవరు సంతకం పెట్టినా నడిచేలా తెరవండి. సీనియర్ సిటిజన్ పథకంలో జాయింటు భార్యాభర్తలకే కుదురుతుంది కాబట్టి అందులో మీరు నామినీగా ఉండి, వడ్డీ మాత్రం ఈ ఖాతాలో పడేలా చూడండి. ఆ 4 లక్షలూ ఇందులోనే ఉంచండి. పెన్షన్ ఖాతా గురించి బ్యాంకులో విడిగా అడగండి. ప్రతి ఖర్చూ ఒక నోటు పుస్తకంలో రాసి, నెలకోసారి అన్నయ్యకు ఫొటో తీసి పంపండి.

అమ్మ పొద్దున పూట బాగుంటుందన్నారు కదా. వచ్చే వారమే ఒక రోజు సెలవు పెట్టి, టిఫిన్ తినిపించి, బ్యాంకు తలుపులు తీసే వేళకి తీసుకెళ్లండి.