మాత్రలు లేకుండా డిప్రెషన్ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 41. రెండు నెలలుగా ఏ పని మీదా మనసు నిలవడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఆఫీసుకు వెళ్తున్నాను గానీ ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. డాక్టర్ డిప్రెషన్ అన్నారు, తీవ్రంగా మాత్రం లేదన్నారు. నాకు మాత్రలు వాడటం ఇష్టం లేదు. వేరే మార్గం ఉందా?

జవాబు: ఉంది. డిప్రెషన్ స్వల్పంగానో మధ్యస్థంగానో ఉన్నప్పుడు మాత్రలకు బదులు సైకోథెరపీతో, అంటే నిపుణులతో మాట్లాడుతూ చేసే చికిత్సతో మొదలుపెట్టవచ్చు. ముందు థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. వీటిలో తేడా ఉన్నా ఇలాంటి నీరసం, నిరాసక్తత రావచ్చు.

థెరపీ అంటే ఎవరో కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం కాదు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే థెరపీలో మీ ఆలోచనలు ఎక్కడ దారి తప్పుతున్నాయో మీరే పట్టుకోవడం నేర్పుతారు. సాధారణంగా వారానికోసారి చొప్పున మూడు నాలుగు నెలలు పడుతుంది.

ఇందులోనే బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది. మీకు ముందుగా సూచించేది అదే. డిప్రెషన్‌లో ఉన్నవారు ‘మూడ్ బాగుంటే చేద్దాం’ అని పనులు వాయిదా వేస్తారు. వాయిదా వేసేకొద్దీ సంతోషం కలిగించే అవకాశాలు తగ్గి, మనసు ఇంకా కుంగుతుంది. కాబట్టి పనే ముందు మొదలుపెట్టాలి. ఒక వారం పాటు ఏ గంటలో ఏం చేశారో, అప్పుడు మనసు ఎలా ఉందో పదికి మార్కులు వేసి రాసుకోండి. ఏ పని తర్వాత మార్కులు కాస్త పెరిగాయో చూసి, దాన్ని మర్నాటికి టైమ్‌తో సహా పెట్టుకోండి. ‘రేపు నడుస్తా’ అంటే జరగదు, ‘ఆరున్నరకు పది నిమిషాలు’ అంటే జరుగుతుంది. చేయాలనిపించకపోయినా చేయండి. ఆ పది నిమిషాలనే మెల్లగా వారానికి మూడుసార్లు, అరగంట నుంచి ముప్పావు గంట వ్యాయామంగా పెంచితే డిప్రెషన్ లక్షణాలు తగ్గుతాయి.

మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే మంచం మీదే దొర్లకండి. లేచి కూర్చుని, నిద్ర వస్తేనే మళ్లీ పడుకోండి. ఎంతసేపు పడుకున్నా ఉదయం ఒకే సమయానికి లేవాలి. నిద్ర కోసం మద్యం వద్దు, అది తెల్లవారుజాము నిద్రను ఇంకా చెడగొడుతుంది.

మూలికే కదా అని, డిప్రెషన్‌కు కొందరు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్‌ను సొంతంగా వాడకండి. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలుచబడే మందుల ప్రభావాన్ని అది తగ్గిస్తుంది.

మాత్రలు ఎందుకు ఇష్టం లేదో మీరు రాయలేదు. వ్యసనమవుతాయన్న భయమైతే, డిప్రెషన్ మాత్రలు మత్తుమందుల్లాంటివి కావు. కాకపోతే ఒక్కసారిగా ఆపేస్తే ఇబ్బంది పెడతాయి, డాక్టర్ చెప్పినట్టు డోసు తగ్గిస్తూ మానాలి.

ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఏ మార్పూ లేకపోతే మందుల గురించి మళ్లీ మాట్లాడండి. గతంలో నిద్ర లేకుండానే విపరీతమైన ఉత్సాహంతో గడిపిన రోజులుంటే అదీ డాక్టర్‌కు చెప్పాలి, అప్పుడు చికిత్సే మారిపోతుంది. తిండి మానేసే స్థితి వచ్చినా, చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా వారాలు లెక్కపెట్టకుండా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.