స్పోరన్ తిత్తి మొదటిసారే సొంతంగా కుట్టుకోవచ్చా? కుట్టొచ్చు, గసెట్ ఒక్కటే ఏడిపిస్తుంది

కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే మడతల స్కర్టు) కొన్నాను, స్పోరన్ మాత్రం నేనే చేసుకుంటా, లెదర్ పని అస్సలు రాదు, అవుతుందా అని అడిగారు కదా. అవుతుందండి. నేను ఎడిన్‌బరాలో ఉన్నప్పుడు ఫ్రెండ్ పెళ్ళికని సెకండ్ హ్యాండ్ కిల్ట్ కొని, స్పోరన్ రేట్లు చూసి నోరు తెరిచి, అప్పుడు మొదలుపెట్టా. తెలియనివాళ్ళకి ఒక ముక్క, కిల్ట్‌కి జేబులుండవు కాబట్టి స్కాట్లాండ్ వాళ్ళు ముందువైపు వేలాడేసుకునే తిత్తి ఇది, గేలిక్‌లో ఆ మాటకి అర్థమే పర్సు. మా కడప వైపు ముసలోళ్ళు మొలలో దోపుకునే వక్కాకు తిత్తికి దూరపు చుట్టం అనుకోండి.

బొచ్చు, పైన మెరిసే మెటల్ పట్టీ ఉండే డ్రెస్ స్పోరన్ జోలికి పోవద్దు. ఒక ఫ్లాప్, ముందు మూడు కుచ్చులు ఉండే డే స్పోరన్ చాలు.

నా మొదటిది పాత సోఫా తోలుతో చేశా, ఫోను పెట్టగానే తడిసిన గోనెసంచిలా జారిపోయింది. వెజ్ టాన్ తోలే, అంటే చెట్టు బెరడు లాంటివాటితో పదును చేసిన గట్టి తోలే కొనండి, ముందు వెనక ముక్కలకీ ఫ్లాప్‌కీ 2.5 మిల్లీమీటర్లు, గసెట్‌కి, అంటే చుట్టూ లోతు కోసం పెట్టే పట్టీకి, 1.5 లోపు. గసెట్ మందంగా ఉంటే వంపు తిరగదు, అది తడిపి మడతపెట్టాలి.

అసలు గొడవంతా కుట్టు చిల్లుల లెక్కలోనే. నేను ముందు ముక్కకి ఒకసారి, పట్టీకి ఇంకోసారి స్కేలు పెట్టి పొడిచేశా, కుట్టుకుంటూ వంపు దాటేసరికి పట్టీలో మూడు చిల్లులు మిగిలిపోయి అక్కడ తోలు ముడతలు పడింది, విప్పడం తప్ప దారి లేదు. రెండోసారి ముందు ముక్కకి 4 మిల్లీమీటర్ల ఫోర్కుతో, అంటే ఆ దూరంలో వరస చిల్లులు పొడిచే పళ్ళ పనిముట్టుతో, పొడిచి లెక్కపెడితే 76, పట్టీకి రెండు అంచుల్లోనూ 76, వెనక ముక్కకీ 76, అడుగున మధ్య చిల్లూ రెండు చివర్లూ ముందే దారంతో కట్టేసి అప్పుడు కుట్టా, చక్కగా కూర్చుంది. కుట్టు పొడవుకి నాలుగు రెట్లు మైనం దారం తీసుకుని రెండు కొసలకీ సూదులు, ప్రతి చిల్లులో రెండూ ఎదురెదురుగా దూరాలి, బిగుసుకుంటే ఆరెతో కాస్త వెడల్పు చెయ్యండి.

ఇంకోటి, తిత్తిని నడుముకి కట్టే పట్టీ తగిలించే డి రింగులు (D ఆకారం రింగులు) వెనక ముక్కకి ముందే కుట్టేయండి, నాకు తిత్తి మొత్తం మూసేశాక గుర్తొచ్చింది, లోపల చెయ్యి పట్టక ఒక సాయంత్రం మొత్తం పోయింది. గొలుసు కంటే తోలు పట్టీ మేలు, ఉన్ని కిల్ట్‌ని గొలుసు ఒరిపిడి తినేస్తుంది.

స్పోరన్ కిల్ట్ బెల్టు బకిల్‌కి నాలుగు వేళ్ళు కిందకి వేలాడాలి. కేలీ డాన్స్ (స్కాట్లాండ్ వాళ్ళు గుంపుగా ఎగిరి ఆడే డాన్స్) మొదలైతే పక్కకి తిప్పుకోండి, నేను తిప్పుకోలేదు, ఒక కుచ్చు ఎగిరిపోతే పెళ్ళికూతురి అమ్మమ్మ వెతికి తెచ్చిచ్చింది.