మిద్దె మీద సోలార్‌తో పాటు గాలిమర కూడా పెట్టాలా?

అడిగింది: అనంతపురం దగ్గర ఇల్లు, నెలకు 300 యూనిట్ల వాడకం. 3 కిలోవాట్ల సోలార్‌కు తోడు 1 కిలోవాట్ గాలిమర పెడితే రాత్రిళ్లు, కరెంటు పోయినప్పుడు ఇల్లు నడుస్తుందా?

సోలార్ పెట్టించండి. గాలిమరకు అనుకున్న డబ్బు బ్యాటరీకి మళ్లించండి.

రామగిరి వైపు కొండల మీద తిరిగేవి చూసి మన మిద్దె మీదా తిరుగుతుందనుకుంటాం. ఇళ్ల మధ్య గాలి గోడలకు, చెట్లకు తగిలి సుడులు తిరుగుతూ వస్తుంది. గాలి వేగం సగానికి పడితే కరెంటు ఎనిమిదో వంతుకు పడుతుంది. రెక్కల చుట్టు 2 మీటర్ల అడ్డకొలత ఉన్న మర 1 కిలోవాట్ ఇచ్చేది సెకనుకు 12 మీటర్ల గాలి ఉంటేనే. 4 మీటర్ల గాలికి వచ్చేది ముప్పై, నలభై వాట్లు. ఒక్క బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాను తిరుగుతుంది, అంతే. పైగా దాని అదురు స్లాబులోకి దిగి రాత్రి నిద్ర చెడగొడుతుంది. అడ్డం లేని పొలంలో 15, 20 మీటర్ల టవర్ వేయగలిగితే అది వేరే మాట.

3 కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు 6 చాలు. నీడ పడని చోటు సుమారు 300 చదరపు అడుగులు కావాలి. దక్షిణానికి 15 డిగ్రీల వాలు. రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. ఏప్రిల్ ఎండకు ఇంకా దంచేస్తుందని ఆశపడొద్దు. ప్యానెల్ 65 డిగ్రీలు కాగితే వచ్చే కరెంటులో 14 శాతం దాకా పోతుంది, అందుకే కింద గాలి ఆడేలా ఎత్తు ఉంచాలి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ: మామూలు ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపే) ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా చేశారు. మీకు కావాల్సింది లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి 51.2 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ. అందులో పట్టేది 5 యూనిట్లు, 4 వాడుకోవచ్చు. నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు, రూటర్ కలిపి రాత్రికి రెండున్నర దాటవు. ఏసీ, బోరు మోటారు మాత్రం కరెంటు పోతే బ్యాటరీతో నడిచే బ్యాకప్ లైనుకు కలపనివ్వకండి. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు అయిదారింతలు స్టార్టింగులోనే లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్పవుతుంది. వైరింగ్ రోజే బ్యాకప్‌కు వేరే డీబీ (బ్రేకర్ల పెట్టె) పెట్టించుకోండి.

ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ కరెంటు, ఇంటి లైనులోది ఏసీ కరెంటు. ప్యానెళ్ల వైపు ఏసీ కరెంటుకు చేసిన ఎంసీబీ (దానంతటదే ఆపే బ్రేకరు) బిగిస్తామంటే ఒప్పుకోకండి. డీసీలో నిప్పురవ్వ తెగదు, ఎంసీబీ కరిగిపోతుంది. ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి, లేకపోతే వదులై కాలతాయి. డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి మూడు ఎర్త్ గుంతలు.

ఇక ప్యానెళ్లు కడగడం. బోరు నీళ్లు ఆరితే అద్దం మీద తెల్లటి సున్నం పొర కట్టి గట్టిపడుతుంది. ఎండెక్కకముందే కడిగి, నీళ్లను వైపర్‌తో లాగేయండి.