టీవీ ఫోన్‌కి కనబడకపోతే ముందు వైఫై చూడండి

రాజోలులో అమ్మగారికి పెళ్లి వీడియో టీవీలో చూపిద్దామంటే ఫోన్ ‘వెతుకుతోంది’ అంటూ తిరుగుతూనే ఉందన్నారు కదండీ. టీవీ ఆండ్రాయిడ్‌దే కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. చాలాసార్లు వైఫై దగ్గరే తేడా ఉంటుంది.

టీవీ, ఫోన్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. మన వైపు కరెంటు పోయి వచ్చాక రౌటర్ లేచేలోపు ఫోన్ మొబైల్ డేటాకి వెళ్లిపోతుంది, మనం గమనించం. ఫోన్ పైన వైఫై గుర్తు చూసి, పేరు టీవీ సెట్టింగ్స్‌లో ఉన్నదేనా సరిచూడండి. గెస్ట్ వైఫై (వచ్చినవాళ్లకిచ్చే విడి వైఫై) అయితే మార్చండి, అందులో సాధారణంగా ఒకదానికొకటి కనబడవు. తర్వాత టీవీని స్టాండ్‌బైలో పెట్టడం కాదు, ప్లగ్ తీసి మళ్లీ పెట్టండి.

అసలు పెళ్లి వీడియో కోసం స్క్రీన్ మొత్తం పంపడం దండగ. గూగుల్ ఫొటోస్‌లో వీడియో తెరిచి కాస్ట్ గుర్తు (టీవీకి పంపే గుర్తు) నొక్కండి, బొమ్మ నిలకడగా వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ లాంటివి స్క్రీన్ షేర్‌లో నల్లగా వస్తే అది కాపీ రక్షణ, ఫోన్ పాడవలేదు. టీవీలోనే ఆ యాప్ వేసుకోండి.

ఫోన్‌ని టీవీకి కలిపే వైర్ కొందామనుకుంటే ఆగండి. టైప్ సీ పిన్ ఉన్న ప్రతి ఫోనూ టీవీ హెచ్‌డీఎంఐ సాకెట్‌కి బొమ్మ ఇవ్వదు, తక్కువ ధరవి చాలావరకు ఇవ్వవు. మోడల్ వివరాల్లో ‘డిస్‌ప్లే పోర్ట్’ (టైప్ సీ నుంచి బొమ్మ పంపే సదుపాయం) అని ఉంటేనే డబ్బులు పెట్టండి.