‘ప్రార్థించి చూడండి’ అని మార్మన్ మిషనరీలు దాటేస్తుంటే

మార్మన్ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఈజిప్టు పాపిరస్‌ల (పురాతన కాగితపు చుట్టల) నుంచి అనువదించానని చెప్పిన అబ్రాహాము గ్రంథం గురించి అడిగిన ప్రతిసారీ వాళ్లు ప్రార్థన మీదకి మళ్లిస్తున్నారంటే, తప్పించుకోవడం కాకపోవచ్చు. ఆ వయసు కుర్రాళ్లలో చాలామందికి ఈ చరిత్రే తెలియదు.

అందరూ చేసే పొరపాటు విమర్శకుల సైట్లు చూపించడం. అక్కడితో మాట ఆగిపోతుంది. చర్చి సొంత సైట్‌లో ‘గాస్పెల్ టాపిక్స్ ఎస్సేస్’లో ఈ గ్రంథం మీదున్న వ్యాసం తెరవండి.

1. ఆ పాపిరస్‌ల ముక్కలు 1967లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి చర్చికి చేరాయి. వాటిలో అబ్రాహాము పేరు లేదని చర్చి వ్యాసమే ఒప్పుకుంటుంది. ఆ పేరా వాళ్లచేతే చదివించండి.

2. ‘మరి జోసెఫ్ స్మిత్ దేన్ని అనువదించాడు?’ ఇదొక్కటే అడగండి.

3. ‘అసలు భాగం పోయింది’ అంటే, ఫ్యాక్సిమిలీ 1 (గ్రంథంలో అచ్చేసిన పాపిరస్ చిత్రాల్లో మొదటిది) చూపండి. దాని మూలచిత్రం పోలేదు, ఆ ముక్కల్లోనే ఉంది. గ్రంథం దాన్ని అబ్రాహామునే బలి ఇవ్వబోతున్న చిత్రమంటుంది, ఈజిప్టు పండితులు అంత్యక్రియల చిత్రమంటారు.