కట్టిన ఫీజు కోసం నాలుగేళ్లు చదివించాలా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయిని హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో ఇంజినీరింగ్ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లో చేర్పించారు. ట్యూషన్ ఫీజు 1,60,000, హాస్టల్‌కు తొలి విడతగా 45,000 కట్టారు. ఇందుకోసం ఇంట్లో బంగారం కుదువపెట్టి 2 లక్షలు తెచ్చారు, నూటికి రూపాయి వడ్డీ. క్లాసులు మొదలై మూడు వారాలు కాలేదు, అబ్బాయి "నాకిది వద్దు నాన్నా, బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతా" అంటున్నాడు. "ఇంత డబ్బు కట్టాక ఎలా మానిపించను?" అన్నది ఆయన ప్రశ్న.

అయ్యా, మీ బాధ నాకు అర్థమైంది. బంగారం తాకట్టు పెట్టిన డబ్బు కదా, మనసు ఊరుకోదు. కానీ కట్టింది 2,05,000. ఇక కట్టాల్సింది చూడండి: ట్యూషన్ ఏటా 1,60,000, హాస్టల్ ఏటా 90,000 అంటే నాలుగేళ్లకు 10 లక్షలు. కట్టింది పోగా ఇంకా 7,95,000 ఉంది. మీరు నిర్ణయించుకోవాల్సింది ఈ 7,95,000 గురించే. మీ ఊళ్లో ఇంటి నుంచే వెళ్లి ఏటా 30,000తో డిగ్రీ చదివితే మూడేళ్లకు 90,000. కట్టినదంతా పోయిందనుకున్నా మొత్తం ఖర్చు 3 లక్షలు దాటదు. పైగా దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా సీటు వస్తే, ఆదాయ అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకు అది లేదు.

అయితే ముందు అబ్బాయితో కూర్చోండి, తిట్టకుండా. హాస్టల్ తిండి పడక, ఇల్లు గుర్తొచ్చి అంటున్నాడా, నిజంగానే ఆ చదువు వద్దా? మొదటిదైతే రెండు వారాంతాలు ఇంటికి రప్పిస్తే సర్దుకుంటుంది. స్టాటిస్టిక్స్‌లో మూడేళ్లూ ఏమేం చదవాలో, తర్వాత ఎమ్మెస్సీ ఎక్కడ చేయాలనుకుంటున్నాడో కాగితం మీద రాయమనండి. రాయగలిగితే వాడి మాట నమ్మవచ్చు.

ఇక ఆలస్యం చేయకండి, వాపసు వచ్చేది తేదీని బట్టే. ఇంజినీరింగ్ కాలేజీలను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఏటా అడ్మిషన్ రద్దుకు ఆఖరి తేదీ ప్రకటిస్తుంది. ఆలోపు మానేస్తే ప్రాసెసింగ్ కింద 1,000 రూపాయలకు మించి పట్టుకోకుండా ఫీజు తిరిగి ఇవ్వాలి. అది దాటితే, మీవాడి సీటు వేరొకరితో నిండినప్పుడే చదివిన నెలల ఫీజు, హాస్టల్ అద్దె మినహాయించి మిగతాది ఇస్తారు. నిండకపోతే డిపాజిట్, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా అక్క కొడుకు మొదటి ఏడాది అయ్యాక మానేస్తానంటే, ఆ కాలేజీవాళ్లు మిగతా మూడేళ్ల ఫీజు కడితేనే టెన్త్, ఇంటర్ మెమోలు ఇస్తామన్నారు. మా అక్క కౌంటర్ దగ్గరే ఏడ్చేసింది. అలా అడగడం నిబంధనలకు విరుద్ధం. మీతోనూ అలాగే అంటే భయపడకండి, "అదే రాసివ్వండి" అనండి. రాసివ్వరు. ఏఐసీటీఈ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

సీటు రద్దు అర్జీని నోటితో చెప్పి రాకండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయడానికి ఒప్పుకోకపోతే అదే రోజు ప్రిన్సిపల్‌కు మెయిల్, రిజిస్టర్డ్ పోస్టు పంపండి. రశీదు లేకుండా చేతికిచ్చిన డబ్బేమైనా ఉంటే మాత్రం దానిమీద ఆశ పెట్టుకోకండి.

అర్జీ ఇచ్చే ముందే దోస్త్‌లో కానీ, స్పాట్ అడ్మిషన్‌లో కానీ సీటు దొరుకుతుందో కనుక్కోండి. దొరక్కపోతే ఏడాది ఖాళీ అవుతుంది, అది మీరూ వాడూ ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

వాపసు వచ్చిన డబ్బు మీ ఖాతాలో పడ్డ రోజే బంగారం అప్పుకు జమ చేయండి. నెలకు 2,000 వడ్డీ పోతోంది. ట్యూషన్ ఫీజులో 1,000 పోగా 1,59,000 తిరిగొచ్చి కట్టేస్తే మిగిలే అసలు 41,000, నెల వడ్డీ 410 రూపాయలే.