ముళ్లున్న పుప్పొడి, ముళ్లు లేని పుప్పొడి: మాధవికి ఒక ఉత్తరం

చి. మాధవికి,

తూటి కుటుంబం మొక్కల పుప్పొడి మీద ప్రాజెక్ట్ చేస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. రేణువును చూసి మొక్క ఏ గుంపుదో ఎంతవరకు చెప్పవచ్చని అడిగావు. ఈ కుటుంబంలో చాలా దూరమే వెళ్లవచ్చు. 1893లోనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త హాన్స్ హాలియర్ పుప్పొడి మీద ముళ్లున్నవాటిని ఒక విభాగంగా, లేనివాటిని మరో విభాగంగా విడదీశాడు.

లొట్టపీసుతో మొదలుపెట్టు. ఏ చెరువు గట్టునైనా దొరుకుతుంది, రేణువు కూడా పెద్దది కాబట్టి మామూలు మైక్రోస్కోప్ చాలు. గుండ్రటి రేణువు, ఒళ్లంతా ముళ్లు, వాటి మధ్య చిన్న చిన్న రంధ్రాలు. ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పుతూ ఉంటే ముందు ముళ్ల కొనలు, తర్వాత రంధ్రాల అంచులు తేలతాయి. చిలగడదుంప, తూటికూర, సముద్రపు ఇసుకలో పాకే బాలబంది తీగ, అన్నిటిదీ ఇదే తీరు. ఆ తర్వాత తెగడ స్లైడ్ పెట్టు. పువ్వును చూస్తే పైన చెప్పిన మొక్కల ప్రజాతి, ఐపోమియా, అనిపిస్తుంది. పాత పుస్తకాల్లో దాని పేరు ఐపోమియా టర్పెథమే. రేణువు మీద మాత్రం ఒక్క ముల్లూ ఉండదు, మూడు చాళ్లు ఉంటాయి. పైగా కాయ మూత ఊడినట్టు తెరుచుకుంటుంది. ఇప్పుడది ఆపర్క్యులినా ప్రజాతిలో ఉంది.

చాలామంది తడబడేది ఇక్కడే. ముళ్లున్నవన్నీ ఒకే వంశానివని డీఎన్ఏ పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ముళ్లు లేకపోవడం మాత్రం చుట్టరికానికి సాక్ష్యం కాదు. ఇదే కుటుంబంలోని కన్వాల్వులస్‌కూ విష్ణుక్రాంతకూ ముళ్లు లేవు, అయినా అవి వేర్వేరు శాఖలు. ఈ కుటుంబంలో ముళ్లు తర్వాత వచ్చిన లక్షణం. లేనివి పాత తీరునే నిలుపుకున్నాయి, అంతే. అందుకని "ముళ్లు లేవు" అని రాసి ఊరుకోకు. చాళ్లు ఎన్ని, ఎలా పరుచుకున్నాయి, పైపొర గరుకా నునుపా, అవీ రాయి. ముళ్లు ఉన్నా కుటుంబం దాటి పోల్చకు. మందార రేణువుకూ ముళ్లూ రంధ్రాలూ ఉంటాయి, కానీ దానికీ తూటికీ దగ్గరి సంబంధం లేదు.

పుప్పొడిని విచ్చబోయే మొగ్గ నుంచే తీసుకో. విచ్చిన పువ్వులో తేనెటీగ తెచ్చిన పరాయి పుప్పొడి కలిసి ఉండవచ్చు. అదే తీగ కొమ్మను నొక్కి హెర్బేరియం షీట్ చేసి, దాని నంబరే స్లైడ్ మీదా వెయ్యి. ఆ నంబర్ లేని స్లైడ్‌ను నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఎసిటోలిసిస్, అంటే రేణువు లోపలి పదార్థాన్ని ఆమ్లాలతో పోగొట్టి పైపొరను మిగల్చడం, చేసేటప్పుడు చాలా జాగ్రత్తమ్మా. తొమ్మిది పాళ్లు ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, ఒక పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. అన్‌హైడ్రైడ్‌లోకి ఆమ్లాన్నే కొద్దికొద్దిగా కలపాలి, అదీ ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే. నీటి చుక్క తగిలినా ఆ మిశ్రమం ఎగజిమ్ముతుంది. అందుకే పుప్పొడిని ముందుగా గ్లేషియల్ (నీరు కలవని) ఎసిటిక్ ఆమ్లంతో కడిగి తేమ పోగొట్టాలి. ఒంటరిగా ఉన్నప్పుడు అస్సలు చేయొద్దు.

కొలతల మీద మరీ ఆధారపడకు. స్లైడ్ మీద రేణువులను నిలిపే గ్లిజరిన్ జెల్లీలో అవి నెమ్మదిగా ఉబ్బుతాయి, క్రోమోజోముల సెట్లు పెరిగిన మొక్కల్లో సాధారణంగా పెద్దవిగా ఉంటాయి. స్లైడ్లన్నీ ఒకే పద్ధతిలో చేసి, చేసిన ఇన్ని రోజులకని ఒక గడువు పెట్టుకుని కొలువు. ఇదే కుటుంబంలో ముళ్లు లేని మరో ప్రజాతి మెర్రీమియా స్లైడ్లు తయారయ్యాక ఫొటోలు పంపు, చాళ్ల లెక్క కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు